కారు గేరుబాక్సు మరమ్మతు, మార్పిడి

గేరుబాక్సు లేదా పళ్ళచక్రాల పెట్టె అనగా కారు ఇంజనులో పుట్టిన శక్తిని దారి అవసరాన్ని బట్టి ఒకసారి ఎక్కువ బలంగాను, ఒకసారి ఎక్కువ వేగంగాను మార్చి చక్రాలకు అందించే యంత్రభాగం. పెట్రోలు, డీజిలు కార్లలో ఇంజను తరువాత అత్యంత ఖరీదైన భాగం సాధారణంగా ఇదే. అందుచేత ఇది పాడైనపుడు విప్పి బాగుచేయించడమా, మొత్తంగా మార్చివేయడమా, లేక కారునే వదిలించుకోవడమా అన్నది యజమానికి పెద్ద చిక్కుగా పరిణమిస్తుంది. ఈ మూడింటిలో ఏది సరైనదో చెప్పడానికి ముందు, చెడిపోయినది నిజంగా గేరుబాక్సేనా, అయితే అందులో ఏ భాగం అన్న సంగతి తేలాలి. ఆ పరీక్ష జరగకుండా తీసుకున్న నిర్ణయాల వల్లనే ఎక్కువ డబ్బు వృథా అవుతూ ఉంటుంది. ఈ వ్యాసంలో ఆ పరీక్షను, ఖర్చు లెక్కను రావికమతం పరిసరాలను ఉదాహరణగా తీసుకొని వివరించడం జరిగింది.

రావికమతం దారులు, గేరుబాక్సుపై భారం

రావికమతం అనకాపల్లి జిల్లాలో ఒక మండల కేంద్రం. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణకు ముందు ఇది విశాఖపట్నం జిల్లాలో ఉండేది. శాసనసభ నియోజకవర్గం చోడవరం. ఈ ప్రాంతానికి ముఖ్యమైన మార్గం భీమునిపట్నం - నర్సీపట్నం రోడ్డు. స్థానికులు దీనిని బి.ఎన్. రోడ్డు అంటారు. గుంతల కారణంగా ఈ రోడ్డు పత్రికలకు తరచుగా ఎక్కింది.

గుంతల రోడ్డుకు, గేరుబాక్సుకు సంబంధమేమిటన్న ప్రశ్న రావచ్చు. గుంత వచ్చినప్పుడల్లా డ్రైవరు మూడవ గేరు నుండి రెండుకు, ఒకటికి దిగి మళ్ళీ పైకి ఎక్కించాలి. అందువల్ల జాతీయ రహదారిపై వంద కిలోమీటర్లు నడిచిన కారు కంటే ఇక్కడ ఇరవై కిలోమీటర్లు నడిచిన కారులో ఎక్కువసార్లు గేర్లు మారి ఉండవచ్చు. చెరకు గానుగ కాలంలో చక్కెర కర్మాగారానికి చెరకు మోసే ట్రాక్టర్ల వెనుక, ముందుకు పోయే చోటు దొరకక, క్లచ్‌ను సగం నొక్కి పాకినట్లు నడపవలసి వస్తుంది. ఇది క్లచ్‌కు మరీ చేటు.

రెండవ భారం కొండదారులది. మాడుగుల మీదుగా పాడేరుకు, నర్సీపట్నం మీదుగా చింతపల్లి, లంబసింగిలకు ఘాట్ రోడ్లు ఉన్నాయి. పాడేరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఎక్కేటప్పుడు మనుషులతో, సామానుతో నిండిన కారు చాలాసేపు ఒకటి, రెండు గేర్లలోనే నడుస్తుంది. దిగేటప్పుడు కూడా బ్రేకులు వేడెక్కకుండా కింది గేరులోనే దిగాలి. ఇది సరైన పద్ధతే. అయితే ఈ దిగుడులో పళ్ళమీద ఒత్తిడి రెండవ వైపు నుండి పడుతుంది. మైదానంలో ఏ ఇబ్బందీ కనబడని పాత గేరుబాక్సు ఘాట్ దిగుతున్నప్పుడు గేరు వదిలేయడానికి కారణం ఇదే. బాగుచేయించిన కారును పరీక్షగా నడిపి చూసేటప్పుడు కూడా చదునైన దారి సరిపోదనడానికి ఇదొక నిదర్శనం.

లంబసింగి పర్యాటకుల మీద ఆధారపడి కారు తిప్పుకునే వారికి శీతాకాలమే సంపాదన కాలం. అప్పు వాయిదాలు మాత్రం పన్నెండు నెలలూ ఉంటాయి. అటువంటి కుటుంబానికి డిసెంబరు నెలలో గేరుబాక్సు పోవడమంటే యంత్రం పాడవడం ఒక్కటే కాదు, ఏడాది లెక్క తారుమారు కావడం.

రకాలు

ఏ రకం గేరుబాక్సు అన్న దానిని బట్టి మరమ్మతు సాధ్యాసాధ్యాలు మారుతాయి. చేతితో గేర్లు మార్చే మాన్యువల్ గేరుబాక్సు అన్నింటిలోకి సరళమైనది. లోహపు పెట్టెలో రెండు, మూడు షాఫ్టులు, వాటిపై జతలు జతలుగా పళ్ళచక్రాలు, అవి తిరగడానికి బేరింగులు, గేరు మార్చే ఫోర్కులు ఉంటాయి. వేరువేరు వేగాలతో తిరుగుతున్న భాగాలు పరస్పరం గుద్దుకోకుండా వాటి వేగాలను ముందే సమం చేసే సింక్రోనైజర్ రింగులు కూడా ఉంటాయి. ఈ సింక్రోనైజర్ పద్ధతి 1928లో కాడిలాక్ కార్లలో మొదట వచ్చింది. అంతకు ముందు గేరు మార్చడం ఒక సాధనగా ఉండేది. నేటికీ మన పాత ట్రాక్టర్లలో గేరు వేసేటప్పుడు వినబడే గరగర శబ్దం ఆ కాలపు గుర్తు అనవచ్చు.

పూర్తి ఆటోమేటిక్ గేరుబాక్సులో క్లచ్ పెడలు ఉండదు. ద్రవపు ఒత్తిడితో గేర్లు వాటంతట అవే మారతాయి. పెద్ద ఎత్తున తయారైన మొదటి పూర్తి ఆటోమేటిక్ గేరుబాక్సు జనరల్ మోటార్స్ వారి హైడ్రామాటిక్. ఇది 1940 నమూనా ఓల్డ్స్‌మొబైల్ కార్లలో వచ్చింది. సి.వి.టి. రకంలో విడి గేర్లు ఉండవు. రెండు కప్పీల మధ్య లోహపు బెల్టు జారుతూ నిష్పత్తిని మారుస్తుంది. డి.సి.టి. రకంలో రెండు క్లచ్‌లు ఉంటాయి.

భారతదేశంలో ఎక్కువగా కనిపించే మరో రకం ఎ.ఎం.టి. 2014లో మారుతి సెలేరియోతో ఇది మన చిన్న కార్లలోకి వచ్చింది. దీని విషయంలో యజమానులు బాగా గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. లోపల ఉన్నది మామూలు మాన్యువల్ గేరుబాక్సే. మనిషి కాలు, చెయ్యి చేసే పనిని ఒక చిన్న యంత్రం చేస్తుంది, అంతే. కాబట్టి ఎ.ఎం.టి. కారు గేరు మారక ఆగిపోతే అనుమానించవలసినది ముందు క్లచ్‌ను, ఆ చిన్న యంత్రాన్ని, దాని ఆయిలును, సెన్సార్లను. కారు బ్యాటరీ బలహీనమైనా ఇటువంటి తంటా రావచ్చు. అటువంటప్పుడు గేరుబాక్సు మొత్తం మార్చాలని ఎవరైనా చెబితే కారణం అడగాలి.

విద్యుత్ కార్లలో సాధారణంగా ఒకే నిష్పత్తి గల పళ్ళచక్రాల జత ఉంటుంది. వాటి సంగతి ఈ వ్యాస పరిధిలోనిది కాదు.

గేరుబాక్సేనా, మరొకటా

"గేరుబాక్సు పోయింది" అన్న మాట వాడుకలో చాలా విశాలమైనది. గేరు పడకపోయినా, కారు లాగకపోయినా, కింద నుండి మోత వచ్చినా ఆ మాటే అంటారు. దానిని విడమరచి చూడవలసిన అవసరం ఉంది.

ఇంజను ఆపి ఉన్నప్పుడు గేర్లన్నీ సులువుగా పడుతూ, ఇంజను నడుస్తున్నప్పుడు మాత్రం పడకపోతే, రివర్సు గేరు గరగరమంటూ ఉంటే, దోషం చాలావరకు క్లచ్‌లో ఉన్నట్లు. క్లచ్ పూర్తిగా విడిపోవడం లేదన్న మాట. కేబులు సాగిపోవడం, ద్రవంతో పనిచేసే క్లచ్ అయితే ఆ ద్రవం కారిపోవడం వంటి చిన్న కారణాలు కూడా ఉండవచ్చు. ఇంజను ఆపినా గేరు పడకపోతే అప్పుడు గేరు కడ్డీని, కేబుళ్ళను, ఆపైన లోపలి ఫోర్కులను చూడాలి. ఇంజను గొంతు పెరిగినా కారు వేగం పెరగకపోతే, ముఖ్యంగా ఎగువ ఎక్కేటప్పుడు కాలిన వాసన వస్తే, అరిగినది క్లచ్ ప్లేటు. ఈ మూడు లక్షణాలకే గేరుబాక్సు మార్పిడి దాకా వెళ్ళిన వారు లేకపోలేదు.

మోతను బట్టి దోషాన్ని పట్టడం అనుభవజ్ఞుడైన మెకానిక్కుకు అలవాటైన విద్య. కారు కదలకుండా, గేరు వేయకుండా ఇంజను నడిపినపుడు మోత వస్తూ, క్లచ్ పెడలు నొక్కగానే ఆగిపోతే గేరుబాక్సు లోపలికి వచ్చే షాఫ్టు బేరింగును అనుమానించాలి. దీనికి తలకిందులుగా, పెడలు నొక్కినపుడే మోత వస్తే అది రిలీజ్ బేరింగు. ఇది క్లచ్ సామాను, గేరుబాక్సు కాదు. ఒక్క గేరులోనే మోత వస్తే ఆ గేరు జత అరిగింది. జీపు వంటి వెనుక చక్రాల బండ్లలో నాలుగవ గేరు తరచుగా సూటి గేరుగా ఉంటుంది. అంటే శక్తి పక్క షాఫ్టు మీదుగా పోదు. మిగిలిన గేర్లలో మోత ఉండి నాలుగులో తగ్గిందంటే పక్క షాఫ్టు బేరింగులు అరిగాయని చెప్పవచ్చు. అన్ని గేర్లలోనూ, గేరు తీసి జారవిడిచినపుడు కూడా, వేగంతో పాటు పెరిగే గుయ్ మనే శబ్దం డిఫరెన్షియల్‌ది కావచ్చు, చక్రం బేరింగుది కావచ్చు. చక్రాన్ని జాకీ మీద లేపి చేత్తో తిప్పి చూస్తే తేడా చాలావరకు తెలుస్తుంది. స్టీరింగు పూర్తిగా తిప్పి మలుపు తీసుకున్నపుడు టకటకమంటే అది ముందు చక్రాల యాక్సిలు కీలు.

గేరు వేసే క్షణంలో మాత్రం గర్రుమని, ఆ తరువాత నిశ్శబ్దంగా నడిస్తే సింక్రోనైజర్ రింగు అరిగింది. రెండవ గేరులో ఇది ముందుగా వస్తుంది, ఎందుకంటే దాని పని ఎక్కువ. గేరు దానంతట అది బయటికి వచ్చేస్తూ ఉంటే లోపల పళ్ళ అంచులు, ఫోర్కు, లేక గేరును నిలబెట్టే స్ప్రింగు అరిగి ఉండవచ్చు. ఐతే ఇంజను, గేరుబాక్సులను మోసే రబ్బరు మౌంటులు తెగినా గేరు జారుతుంది. మౌంటులు చూడకుండా గేరుబాక్సు దించడం తొందరపాటు.

ఆయిలు చెప్పే సాక్ష్యం

విప్పే ముందు చేయవలసిన చౌకైన పరీక్ష ఆయిలు తీసి చూడడం. చిన్న మాన్యువల్ కార్లలో ఇది సుమారు రెండు లీటర్లు ఉంటుంది. ఆయిలు దింపే బిరడాకు చాలా గేరుబాక్సులలో అయస్కాంతం ఉంటుంది. దానిపై బూడిదరంగు మెత్తని పేస్టు ఉండటం సహజమైన అరుగుదల. గోరుకు తగిలే రేకులు, విరిగిన పంటి ముక్కలు కనబడితే ఇక ఆ కారును నడపకూడదు. ఆ ముక్క తిరుగుతూ మిగిలిన పళ్ళను కూడా పాడుచేస్తుంది. పసుపు రంగు లోహపు తళుకు కనబడితే సింక్రోనైజర్ రింగులు అరుగుతున్నట్లు.

పాలు కలిసిన టీ రంగులో ఆయిలు ఉంటే నీరు చేరింది. వాగు దాటినపుడు ఇది జరుగుతుంది. వేడిగా ఉన్న గేరుబాక్సు చల్లని నీటిలో హఠాత్తుగా చల్లబడినపుడు లోపలి గాలి కుంచించుకొని, గాలి గొట్టం ద్వారానో సీళ్ళ ద్వారానో నీటిని లోపలికి పీల్చుకుంటుంది. వర్షాకాలంలో పొంగిన వాగు దాటిన కారు బాగానే నడుస్తున్నదని ఊరుకొని, మూడు నెలల తరువాత బేరింగులు తుప్పు పట్టాక మెకానిక్కు వద్దకు తీసుకుపోవడం మామూలుగా జరిగే పని. మరునాడే ఆయిలు మార్చి ఉంటే అంత దూరం వచ్చేది కాదు.

ఆయిలు తక్కువగా ఉంటే కారిన చోటు వెదకాలి. యాక్సిలు దగ్గరి ఆయిలు సీలు గేరుబాక్సు ధరతో పోల్చితే లెక్కలోకి రానంత చౌక. దానిని పట్టించుకోకపోతే పోయేది బేరింగులు, పళ్ళు. పోసే ఆయిలు రకం కూడా ముఖ్యమే. కారుతో ఇచ్చిన పుస్తకంలో జి.ఎల్.-4 అని ఉంటే జి.ఎల్.-5 "ఇంకా మంచిది" అని పోయరాదు. రెండవదానిలో ఎక్కువగా ఉండే గంధకపు రసాయనాలు ఇత్తడి రింగులకు హాని చేయవచ్చు.

బాగుచేయించడం

మాన్యువల్ గేరుబాక్సులో బేరింగులు, సింక్రోనైజర్ రింగులు, సీళ్ళు, ఫోర్కులు, ఒకటి రెండు గేర్ల జతలు పోయినంతవరకు మరమ్మతే మేలని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఈ పని చేయగల వారు చోడవరం, నర్సీపట్నం, అనకాపల్లి వంటి పట్టణాలలో ఉంటారు. బాగా నడుస్తున్న నమూనాలకు సామాను కూడా దొరుకుతుంది. మారుతి 800 కారు తయారీ 2014 జనవరిలో ఆగిపోయినా దాని సామాను దొరకడం కష్టం కాలేదు, ఎందుకంటే ఆ కార్లు లక్షల సంఖ్యలో ఉన్నాయి. తక్కువగా అమ్ముడైన కార్ల పరిస్థితి వేరు. ఫోర్డు సంస్థ 2021 సెప్టెంబరులో భారతదేశంలో కార్ల తయారీని ఆపుతున్నట్లు ప్రకటించింది. సామాను సరఫరా కొనసాగుతుందని చెప్పినప్పటికీ, ఇటువంటి కార్ల యజమాని గేరుబాక్సు విప్పించక ముందే కావలసిన భాగం ఎన్ని రోజులకు వస్తుందో కనుక్కోవాలి. విప్పిన గేరుబాక్సు నెలల తరబడి షెడ్డులో పళ్ళెంలో పడి ఉంటే చిన్న ముక్కలు పోతాయి, ఆఖరికి ఎవరు పోగొట్టారన్న తగాదా మిగులుతుంది.

స్వతంత్ర మెకానిక్కులకు విడిభాగాలు అందకపోవడం దేశవ్యాప్తమైన సమస్యగా ఉండేది. భారత పోటీ కమిషన్ 2014 ఆగస్టు 25న 14 కార్ల కంపెనీలపై మొత్తం సుమారు 2,544 కోట్ల రూపాయల జరిమానా విధించింది. అసలైన విడిభాగాలను, మరమ్మతుకు కావలసిన సాంకేతిక సమాచారాన్ని బయటి మెకానిక్కులకు అందనీయకపోవడం ఆ కంపెనీలపై వచ్చిన అభియోగం. ఈ ఉత్తర్వుపై కంపెనీలు న్యాయస్థానాలకు వెళ్ళాయి. పల్లెటూరి మెకానిక్కు చేతిలో నైపుణ్యం ఉన్నా సామాను లేకపోతే, యజమానికి మార్పిడి తప్ప దారి ఉండదు. మరమ్మతా, మార్పిడా అన్న ప్రశ్నకు సమాధానం కొంతవరకు ఇటువంటి చోట్ల కూడా నిర్ణయమవుతుంది.

గేరుబాక్సు దించడం, ఎక్కించడం అనే కూలి పని ఒక సీలుకైనా, పది బేరింగులకైనా ఒకటే. అందుచేత దించినపుడు క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు, సీళ్ళు ఎంత మిగిలాయో చూసి, సగానికి పైగా అరిగి ఉంటే అప్పుడే మార్పించాలి. వీటిలో పొదుపు చేసి ఆరు నెలలకు మళ్ళీ దింపించడం రెండు కూళ్ళు కట్టడమే. క్రౌను, పినియను జతగా అమ్ముతారు, జతగానే వేయాలి. పాత పంటికి కొత్త పంటిని జత చేస్తే మోత తగ్గదు, కొత్తది కూడా త్వరగా అరుగుతుంది. పెట్టె పగిలినా, షాఫ్టు వంగినా, పళ్ళు విరిగి చాలా గేర్లు దెబ్బతిన్నా ఆ గేరుబాక్సుపై ఇక ఖర్చు పెట్టడం దండగ. పగిలిన అల్యూమినియం పెట్టెను అతికించేవారు ఉన్నారు గాని, బేరింగు కూర్చునే చోట పగిలితే అతుకు కొలత తప్పుతుంది.

మార్పిడి

మార్పిడిలో మూడు దారులు ఉన్నాయి. కంపెనీ కొత్త గేరుబాక్సు మొదటిది. దీనికి వారంటీ ఉంటుంది, ధర కూడా దానికి తగ్గట్టే. రెండవది రీకండిషన్ చేసినది, అంటే విప్పి అరిగిన భాగాలు మార్చి అమ్మేది. మూడవది ప్రమాదంలో పడిన, లేక తుక్కుకు పోయిన కారు నుండి తీసిన సెకండ్ హ్యాండ్ గేరుబాక్సు. ఆంధ్రప్రదేశ్‌లో ఇటువంటి సామానుకు విజయవాడ ఆటోనగరు పేరు పొందింది. విశాఖపట్నంలో గాజువాక దగ్గర ఆటోనగరు ఉంది.

సెకండ్ హ్యాండ్ గేరుబాక్సు కొనేటప్పుడు కారు పేరు ఒకటే అయితే చాలదు. ఒకే పేరుగల కారులో పెట్రోలు, డీజిలు రకాలకు, వేరువేరు సంవత్సరాల నమూనాలకు గేరు నిష్పత్తులు మారుతాయి. పెట్టెపై ఉన్న సంకేత సంఖ్య పాతదానితో సరిపోవాలి. షాఫ్టును చేత్తో తిప్పి ప్రతి గేరూ వేసి చూడాలి. పైకి కిందికి ఊపితే లొటలొట ఆడకూడదు. అడుగున మిగిలిన ఆయిలును వేలితో తీసి చూడాలి. కడిగి, రంగు వేసి మెరుస్తున్న గేరుబాక్సు కంటే మట్టి పట్టిన గేరుబాక్సు ఒక్కొక్కసారి నయం, ఎందుకంటే దాని ఆయిలు కారిన జాడలు కనబడతాయి.

బిల్లు లేకుండా కొనకూడదు. దొంగ కార్లను విప్పి అమ్మే ముఠాలను పోలీసులు అప్పుడప్పుడు పట్టుకుంటూనే ఉంటారు. దొంగ సొత్తు అని తెలిసి గాని, అలా నమ్మడానికి కారణం ఉండి గాని కొనడం భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షను కింద నేరం. రిజిస్ట్రేషను పత్రంలో ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు ఉంటాయి గాని గేరుబాక్సు నంబరు ఉండదు, కాబట్టి ఒక్క గేరుబాక్సు మార్చినంత మాత్రాన పత్రంలో మార్పు అవసరం లేదు. అయితే ముందు చక్రాలు నడిపే కార్లలో ఇంజను, గేరుబాక్సు రెండూ కలిపి ఒకే ముద్దగా అమ్ముతుంటారు. చౌకగా వస్తుందని ఇంజనుతో సహా మార్చితే రవాణా శాఖ కార్యాలయంలో నమోదు చేయించాలి. లేకపోతే అమ్మకం నాడో, బీమా సొమ్ము అడిగిన నాడో ఇబ్బంది ఎదురవుతుంది.

ఆటోమేటిక్ గేరుబాక్సులు

పూర్తి ఆటోమేటిక్, సి.వి.టి., డి.సి.టి. రకాల విషయంలో పై మాటలు చాలావరకు తిరగబడతాయి. లోపలి పని అతి సూక్ష్మమైనది, ప్రత్యేక పనిముట్లు కావాలి. అన్నిచోట్లా చేయగలవారు దొరకరు. సి.వి.టి. బెల్టు జారి కప్పీలను గీరితే లోహపు పొడి ఆయిలుతో పాటు అంతటా వ్యాపిస్తుంది. అప్పుడు మార్పిడే సరైనది. మార్చేటప్పుడు ఆయిలును చల్లబరిచే కూలరును కూడా కడగాలి, లేక మార్చాలి. అందులో మిగిలిన పొడి కొత్తదానిని కూడా చెడగొడుతుంది. ఈ పని వదిలేసి, కొత్తది నాసిరకమని తిట్టుకోవడం కద్దు.

ఐనా ఆటోమేటిక్‌లో కూడా ముందు చూడవలసినవి చిన్న కారణాలే. కంప్యూటరు పెట్టి లోపపు సంకేతాలు చదివించాలి. ఆయిలు మట్టం, రంగు, వాసన చూడాలి. గేర్లను నియంత్రించే కవాటాల భాగం, సెన్సార్లు విడిగా మార్చడానికి వీలైనవి. సాఫ్ట్‌వేరు సవరణతో బాగుపడే లోపాలు కూడా ఉంటాయి.

మరొక జాగ్రత్త ఊళ్ళలో తెలియక తప్పుతూ ఉంటుంది. దారిలో ఆగిన ఆటోమేటిక్ కారును తాడు కట్టి ట్రాక్టరుతో లాగించుకుపోకూడదు. ఇంజను ఆగి ఉంటే లోపలి పంపు పనిచేయదు, ఆయిలు ప్రసరించదు, చక్రాలు మాత్రం లోపలి భాగాలను తిప్పుతూ ఉంటాయి. రావికమతం నుండి అనకాపల్లి చేరేలోపు బాగుచేయదగిన గేరుబాక్సు బాగుచేయరానిది కావచ్చు. నడిపే చక్రాలు నేలను తాకకుండా, లేదా కారు మొత్తాన్ని లారీ మీద ఎక్కించి తీసుకుపోవాలి.

అమెరికాలో నివసించే తెలుగువారికి, ముఖ్యంగా చదువుకోవడానికి వెళ్ళి పాత కారు కొనుక్కునే విద్యార్థులకు, ఈ భాగం ఎక్కువ వర్తిస్తుంది. అక్కడి కార్లలో అత్యధికం ఆటోమేటిక్. కూలి ఖరీదు ఎక్కువ కావడం వల్ల విప్పి బాగుచేయడం కంటే తయారుగా ఉన్న రీకండిషన్ గేరుబాక్సు బిగించడమే అక్కడ వాడుక. ఖర్చుకు ముందు కంపెనీ బాధ్యత ఏమైనా ఉందా అని చూడాలి. 2004లో హోండా సంస్థ గేరుబాక్సు లోపం కారణంగా పది లక్షలకు పైగా వాహనాలను వెనక్కు పిలిచింది. నిస్సాన్ సంస్థ 2003 నుండి 2010 వరకు వచ్చిన తన సి.వి.టి. కార్లకు వారంటీని పదేళ్ళకు లేక 1,20,000 మైళ్ళకు పెంచింది. భారతదేశంలో లోపమున్న వాహనాలను వెనక్కు పిలిపించే అధికారాన్ని ప్రభుత్వానికి 2019 నాటి మోటారు వాహనాల సవరణ చట్టం, 110ఎ సెక్షను ద్వారా ఇచ్చింది.

ఖర్చు లెక్క

"మరమ్మతు ఖర్చు కారు విలువలో సగం దాటితే కారు అమ్మేయాలి" అనే సూత్రం ఒకటి వాడుకలో ఉంది. ఇది గుర్తుంచుకోవడానికి సులువే గాని సరైన కొలబద్ద కాదు. పోల్చవలసినది కారు మొత్తం విలువతో కాదు, గేరుబాక్సు పాడవడం వల్ల తగ్గిన విలువతో.

ఉదాహరణకు బాగున్న స్థితిలో 1,80,000 రూపాయలు పలికే కారును గేరుబాక్సు పోయిన స్థితిలో 1,20,000కు అడుగుతున్నారనుకుందాం. తగ్గినది 60,000. మరమ్మతుకు 32,000, సెకండ్ హ్యాండ్ గేరుబాక్సుకు బిగింపుతో కలిపి 28,000, కొత్తదానికి 85,000 అవుతాయనుకుందాం. (ఈ అంకెలు లెక్క చూపడానికి ఊహించినవి మాత్రమే.) అమ్మదలచుకున్నా సరే, మరమ్మతు చేయించి అమ్మితే 28,000 మిగులు. కొత్తది వేసి అమ్మితే 25,000 నష్టం.

ఉంచుకొని నడపదలిస్తే లెక్క నెలల మీద వేయాలి. 28,000 పెట్టిన సెకండ్ హ్యాండ్ గేరుబాక్సు 14 నెలలే వస్తే నెలకు 2,000 పడినట్లు. 85,000 పెట్టిన కొత్తది 60 నెలలు వస్తే నెలకు సుమారు 1,417. 32,000 పెట్టిన మరమ్మతు 48 నెలలు వస్తే నెలకు సుమారు 667. చౌకగా కనబడినది అన్నింటికంటే ప్రియమైనదిగా తేలింది. ఐతే ఈ లెక్క అంతా "ఎన్ని నెలలు వస్తుంది" అన్న అంచనా మీద నిలబడి ఉంది. మరమ్మతు చేసే వ్యక్తి చేతిపని ఎటువంటిదో, ఇదివరకు చేసిన కార్లు ఎలా నడుస్తున్నాయో ఊళ్ళో నలుగురిని అడిగి తెలుసుకోవడం ఇందుకే అవసరం.

అద్దెకు తిప్పే కారుకు ఆగిపోయిన రోజులను కూడా కలపాలి. రోజుకు ఖర్చులు పోను 1,200 మిగిలే కారు మరమ్మతుకు 8 రోజులు, సెకండ్ హ్యాండ్ బిగింపుకు 2 రోజులు ఆగితే, మొదటిది 41,600, రెండవది 30,400 అవుతుంది. పెళ్ళిళ్ళ కాలంలో, లంబసింగి కాలంలో ఈ తేడా ఇంకా పెరుగుతుంది. సంపాదన కాలం దాటే వరకు సెకండ్ హ్యాండ్ గేరుబాక్సుతో నడిపి, పాతదానిని పారవేయకుండా తీరికగా బాగుచేయించి ఉంచుకునే జాగ్రత్తపరులు కూడా ఉన్నారు. రెండుసార్లు దింపే కూలి పడినా వారి లెక్క తప్పు కాదు.

కారును వదిలించుకోవడం ఎప్పుడు? శరీరం తుప్పు పట్టి, ఇంజను ఆయిలు తాగుతూ, పదిహేనేళ్ళ రిజిస్ట్రేషను గడువు దగ్గరపడి, పునరుద్ధరణకు సామర్థ్య పరీక్ష నెగ్గే ఆశ లేనప్పుడు గేరుబాక్సుపై పెట్టిన డబ్బు తిరిగి రాదు. అవేమీ లేకుండా ఒక్క గేరుబాక్సు మాత్రమే పోయిన కారును అమ్మి మరో పాత కారు కొనడం, తెలిసిన జబ్బును ఇచ్చి తెలియని జబ్బును తెచ్చుకోవడం వంటిది. ఆ రెండవ కారు గేరుబాక్సు సంగతి ఎవరికి తెలుసు?

బీమా, వినియోగదారుని హక్కులు

మామూలు కారు బీమాలో అరుగుదల, యంత్రం దానంతట అది చెడిపోవడం చేరవు. రాయి తగిలి గేరుబాక్సు పెట్టె పగిలితే అది ప్రమాదం కిందికి వస్తుంది. కాని ఆయిలు కారిపోతున్నా నడిపి పళ్ళు అరగదీస్తే ఆ తరువాతి నష్టాన్ని బీమా సంస్థ తిరస్కరించవచ్చు. పగిలిన చోటనే కారును ఆపి, ఫొటోలు తీసి, సంస్థకు తెలపాలి. ఇంజను, గేరుబాక్సుల రక్షణకు అదనపు రుసుముతో వేరే కవరు దొరుకుతుంది. వాగులు దాటే దారుల్లో ఉండేవారు దాని షరతులు చదివి చూడటం మంచిది.

పని అప్పగించే ముందు అంచనా కాగితం మీద రాయించుకోవాలి. విప్పాక ఖర్చు పెరిగితే చెప్పి చేయమనాలి. మార్చిన పాత భాగాలను తిరిగి ఇమ్మని ముందే అడగాలి. నిజాయితీపరుడైన మెకానిక్కు దీనికి నొచ్చుకోడు, పైగా అరిగిన చోటు తానే చూపిస్తాడు. పనిలో లోపం ఉంటే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద జిల్లా కమిషనుకు రెండేళ్ళలోగా ఫిర్యాదు చేయవచ్చు. సలహాకు 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. వాణిజ్య ప్రయోజనానికి వాడేవారు ఈ చట్టం కింద వినియోగదారులు కారు గాని, స్వయం ఉపాధితో జీవనం గడపడానికే కారు నడుపుకునే వారికి మినహాయింపు ఉంది. ఒక్క కారుతో బతికే డ్రైవరు ఈ సంగతి తెలియక వెనుకాడవలసిన పని లేదు.

పని పూర్తయ్యాక

కారు తీసుకునేటప్పుడు యజమాని స్వయంగా నడిపి చూడాలి. చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, పది పదిహేను కిలోమీటర్లు నడిచి వేడెక్కాక మరొకసారి అన్ని గేర్లూ వేయాలి. ఎగువ ఎక్కేటప్పుడు రెండవ గేరులోను, దిగువ దిగేటప్పుడు ఆక్సిలరేటరు వదిలి అదే గేరులోను చూడాలి. గేరు జారడం, మోత, వణుకు ఉంటే అక్కడే తెలుస్తాయి. తిరిగి వచ్చాక కారు కింద శుభ్రమైన అట్టముక్క పరిచి ఒక రాత్రి ఉంచితే ఆయిలు కారుతున్నదీ లేనిదీ ఉదయానికి కనబడుతుంది. కొత్త భాగాలు వేసిన మాన్యువల్ గేరుబాక్సులో మొదటి వెయ్యి కిలోమీటర్ల తరువాత ఆయిలు ఒకసారి మార్చడం మంచి పద్ధతి. కొత్త పళ్ళు ఒకదానికొకటి అమరేటప్పుడు రాలిన పొడి దానితో పోతుంది. అప్పుడు బిరడా అయస్కాంతాన్ని మళ్ళీ చూడాలి. మెత్తని పేస్టు మాత్రమే ఉంటే పని కుదిరినట్లు. రేకులు కనబడితే బిల్లు పట్టుకొని, ఆ రేకులను ఒక కాగితంలో పొట్లం కట్టుకొని, చేసినవారి దగ్గరికే వెళ్ళాలి.